దగ్గని దుర్భిణి

ఆ దుర్భిణి ముతైరా మెడలో ఉన్నది ఒక టీ కాగేంత సేపే.

ఏటా చలికాలంలో కైరో నుంచి వచ్చే దురియ్యా హానిం ఈసారి తన మోకాళ్ళు ఇక కొండలెక్కమంటున్నాయని చెప్పి, ట్రక్కెక్కబోయే ముందు తన మెడలోంచి తీసి ముతైరా మెడలో వేసింది. మడిస్తే పిడికిట్లో దాగేంత చిన్న వస్తువు. నల్ల రబ్బరు తొడుగు, అద్దాల మీద పావురం మెడ లాంటి రంగు. చిన్నదే కానీ చవకది కాదని చేత్తో పట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది. ఎదుటి కొండ మీద మేస్తున్న కొండమేక కొమ్ముల మీది కణుపులు కూడా విడివిడిగా చూపిస్తుంది. "ఇసుక పడితే ముందు ఊదు. ఊదకుండా తుడిచావో, వచ్చి మరీ తంతాను," అంది ముసలామె మోకాలు పట్టుకుని ట్రక్కెక్కుతూ.

ముతైరా ఆ లోయలో ఆడవాళ్ళను కొండలు తిప్పే మనిషి. తిరిగేదీ ఆడవాళ్ళే, తిప్పేదీ ఆడవాళ్ళే. పొద్దున మేకలతో పాటు బయలుదేరి పొద్దు వాలేలోగా ఇంట్లో పడాలి. ఈపాటి దానికి పెద్దలు ఊఁ అనే లోపల ముతైరా మేకలు రెండు ఈతలు ఈనాయి. ఒప్పుకున్నాక కూడా, ఎప్పుడు ఏ వంక దొరుకుతుందా, ఎప్పుడు మాన్పిద్దామా అని చూసేవాళ్ళకు కొదవ లేదు.

వాళ్ళలో మొదటివాడు అవ్వాద్, ముతైరా మొగుడి అన్న. తమ్ముడు సముద్రం ఒడ్డున ఏదో హోటల్లో వంటవాడిగా పడి ఉంటే, ఇక్కడ ఆ ఇంటికి కూడా తనే పెద్దదిక్కునని అవ్వాద్ చెప్పుకుంటాడు. ఆ మాట ఇంకెవరూ అనరు. అతిథులు వచ్చేటప్పుడు గాని, వాళ్ళ మూటలు మొయ్యాల్సినప్పుడు గాని కనపడడు. వెళ్ళేటప్పుడు, చేతులు కలిపి ఫొటోలు దిగే వేళకు మాత్రం మీసం దువ్వుకుని వస్తాడు. ఆ రోజూ అలాగే వచ్చి, టీ గ్లాసు కింద పెట్టి, చెయ్యి చాచాడు.

"ఇటివ్వు, చూసిస్తా."

అతిథుల ఎదుట బావగారి మాట కాదనడం ఆ లోయలో ఏ కోడలికీ చేతకాదు. ముతైరా తీసి ఇచ్చింది. అవ్వాద్ దాన్ని మెడలో వేసుకుని, పొట్ట మీద సర్దుకుని, దురియ్యా హానిం పక్కన నిలబడి ఫొటో దిగాడు. ట్రక్కు లేపిన దుమ్ము అణిగేసరికి దుర్భిణి ఇంకా అతని పొట్ట మీదే ఉంది. చూసిస్తానన్నవాడు చూసుకుంటూనే ఇంటికి వెళ్ళిపోయాడు.

*

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. మర్నాడు తెల్లవారేసరికి అవ్వాద్ ట్రక్కులాగే చోట బండరాయెక్కి కూర్చున్నాడు. దుర్భిణి దురియ్యా హానిం కళ్ళకు సర్దినది సర్దినట్టే ఉంది. దాన్ని కాస్త విప్పి తన కళ్ళ ఎడానికి సరిచేసుకోవాలని కూడా అతనికి తెలియదు. రెండు సున్నాలు కనపడేసరికి ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూస్తూ, ఆహా, ఏం సామాను, అని మెచ్చుకున్నాడు.

ఇక అక్కణ్ణుంచి ఊరివాళ్ళెవరికీ కళ్ళు లేవన్నట్టు మొదలుపెట్టాడు. అదిగో ట్రక్కు వస్తోందని చెప్పేవాడు. ఆ ట్రక్కు దుమ్ము అప్పటికే అందరి ముక్కుల్లో ఉండేది. నీ గాడిద గడ్డి తింటోందని, గాడిద పక్కనే నిలబడ్డవాడికి చెప్పేవాడు. జనం కూడా తక్కువ తిన్నారా, మాషా అల్లాహ్ అంటూ ఒకరి తర్వాత ఒకరు వంగి వాడి మెడ తాడు అందినంత మేర కళ్ళు పెట్టి చూశారు. తాడు మెడలోంచి తియ్యడు. చూసిన ప్రతివాడూ వాడి గడ్డంలో ముక్కు పెట్టి చూడాల్సిందే.

ముతైరా వచ్చేసరికి అవ్వాద్ అద్దం మీద ఉమ్మి, తలగుడ్డ చెంగుతో రుద్దుతున్నాడు. ఆ చెంగులో ఉన్నది వాగంతటి ఇసుక. గాజు మీద ఇసుక కరకరలాడిన చప్పుడు ముతైరాకు పళ్ళల్లో వినిపించింది.

వెంట హుస్నా ఉంది. ఊరి పెద్ద షేక్ సువేలిం ఆఖరి కూతురు, ఇంకా పెళ్ళి కాలేదు. ముతైరా దగ్గర కొండదారులు నేర్చుకుంటోంది. ఇద్దరూ నల్ల ముసుగుల్లో కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా, మగవాళ్ళకు కొంచెం ఎడంగా నిలబడ్డారు.

"బావా, మధ్యాహ్నం కైరో వాళ్ళు దిగుతున్నారు. రేపు కొండకి తీసుకెళ్ళాలి. నా దుర్భిణి కావాలి," అంది ముతైరా.

నా అన్న మాట దగ్గర అవ్వాద్ రుద్దడం ఆపాడు. ఆ ముసలామె ఇచ్చింది ముతైరాకి కాదనీ, మన వాళ్ళందరికీ అనీ, అలాంటి విలువైన సామాను మగవాడి సంరక్షణలో ఉండాలనీ, కొండల్లో దొంగ వేటగాళ్ళున్నారు గనక వాళ్ళని కనిపెట్టాలనీ బండ మీంచే ఉపన్యాసం ఇచ్చాడు. దొంగ వేటగాడు ఎదురైతే ముందు పరిగెత్తేది ఎవరో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు.

"అయినా ఆడది దుర్భిణి పట్టుకుంటే, మేకల్ని చూస్తోందో మగాళ్ళని చూస్తోందో ఎవడికి తెలుసు?" అన్నాడు చివరికి.

అందరూ నవ్వారు. వాడి గడ్డంలో ముక్కు పెట్టి చూసినవాళ్ళందరూ నవ్వారు. ముతైరా కళ్ళు దించుకోలేదు.

"మేకలైతే చూడదగ్గవే బావా," అంది. అని వెనక్కి తిరిగింది. ఆ నవ్వు ఆగిపోయి అవ్వాద్ మొహం మాడడం ఆమె చూడలేదు కానీ, హుస్నా తిరిగి చూసి దారిపొడుగునా చెబుతూనే వచ్చింది.

*

వచ్చినవాళ్ళలో ఇంజీ అనే పిల్ల దురియ్యా హానిం మేనకోడలు. ఆస్పత్రిలో నర్సు. నీలం రంగు చలికోటు వేసుకుని, గాలి కూడా కొత్తగా పీలుస్తున్నట్టు పీలుస్తూ నడిచింది. మర్నాడు పొద్దున్నే మొదటి మలుపు దగ్గరే అడిగింది, అత్తయ్య ఇచ్చిన దుర్భిణి ఏదని. ఇంట్లో భద్రంగా ఉందని ముతైరా అబద్ధమాడింది. మా మగవాళ్ళు లాక్కున్నారని పరాయివాళ్ళకు చెప్పడం కన్నా అబద్ధమే మర్యాద అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పై గట్టు కింద నీడలో కొండమేకలు ఉన్నాయి. ముతైరాకు అవి ఏ రాయి పక్కన ఏ రాయిలా ఉంటాయో తెలుసు. వేలు పెట్టి చూపించింది. అదిగో ఆ ఎర్ర చార కింద, కొమ్ములు వెనక్కి తిరిగినది పోతు, పక్కన పిల్ల. కైరో ఆడవాళ్ళు కళ్ళు చికిలించి, మర్యాదగా తలలూపారు. వాళ్ళకు కనపడింది రాళ్ళు. దురియ్యా హానిం అయితే ఇలాంటి చోట దుర్భిణి ఒక్కొక్కరి చేతికిచ్చి, కంటి రింగు తిప్పించి, కనపడిన మరుక్షణం వాళ్ళ నోట్లోంచి వచ్చే ఆ చిన్న శబ్దం కోసం ఎదురుచూసేది. ఆ శబ్దం విన్నాకే ముతైరాకు ఈ పని మీద మోజు పుట్టింది. ఇవాళ ఎవరి నోటా ఏ శబ్దమూ రాలేదు. ఇంజీ మాత్రం, "బావున్నాయి," అంది, రాళ్ళను చూస్తూ.

పొద్దు బాగా ఎక్కకముందే ఊట దగ్గరికి చేరారు. రెండు బండల మధ్య ఈత చెట్టు, దాని మొదట్లో చల్లని నీళ్ళు. అక్కడికి మగవాడెవడూ చెప్పకుండా రాడు. రావలసి వస్తే దూరం నుంచే గట్టిగా దగ్గాలి, "యా సాతిర్" అని కేకెయ్యాలి. మరుగునిచ్చే దేవుడా అని దాని అర్థం. లోపల్నుంచి జవాబు వచ్చేదాకా రాయి చాటున నిలబడాలి. దగ్గకుండా వచ్చినవాణ్ణి అక్కడ దొంగకన్నా హీనంగా చూస్తారు. దొంగ కనీసం ఏదో అవసరం కొద్దీ వస్తాడు.

అందుకే ఊట దగ్గర ఆడవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. ముతైరా ముసుగు తీసి, నడుముకు కట్టుకునే ఎర్ర ఉన్ని పటకా వదులు చేసుకుని, పిండి కలిపింది. హుస్నా నల్ల పైవస్త్రం కూడా తీసేసి, జుట్టు విప్పి, నీళ్ళు పోసుకుంది. తర్వాత చలేసిందో, సరదా వేసిందో, ఇంజీ నీలం కోటు అడిగి వేసుకుంది. జేబుల్లో చేతులు పెట్టుకుని, చేతిలో లేని ఫోను ఎత్తి తన ఫొటో తనే తీసుకుంటున్నట్టు మూతి తిప్పుతూ, బండల మీద కైరో నడక నడిచింది. కైరోవాళ్ళే ముందు పగలబడి నవ్వారు. హుస్నా తల వెనక్కి వాల్చి, సందు పళ్ళు కనపడేలా నవ్వింది. తడి జుట్టు నీలం కోటు మీద నడుము దాటి వేలాడుతోంది.

అప్పుడు ఎదుటి గట్టు మీద ఏదో మెరిసింది.

గాజు పెంకు అయితే మెరిసిన చోటే మెరుస్తూ ఉంటుంది. ఇది కదిలింది. సూర్యుడికి ఎదురుగా దుర్భిణి పెడితే అద్దాలు మెరుస్తాయనీ, చేత్తో నీడ పట్టాలనీ దురియ్యా హానిం చెప్పి ఉంది. ఆ గట్టు మీద ఉన్నవాడికి అది ఎవరూ చెప్పలేదు. ముతైరా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

ఆ లోయలో ఆడదానికి ఉన్న హక్కు ఒకటే. కొండల్లో తనకు అవమానం జరిగిందని, పొద్దు నడినెత్తికి రాకముందే కేకలు వేస్తూ ఊళ్ళోకి వస్తే, ఆమె మాటకు సాక్షి అక్కర్లేదు. ముతైరా గొంతులోకి ఆ కేక వచ్చింది. వచ్చింది కానీ, ఆ కేకతో అవ్వాద్ పరువుతో పాటు ఈ నడకలు కూడా పోతాయని తెలుసు. చూశారా, కొండకి పంపితే ఏమైందో, అంటారు. హుస్నాని ఇంట్లో కూర్చోబెడతారు. తనని మేకల వెనక్కి తోలేస్తారు. కేక మింగేసింది.

"ఎండ మారింది, ఇటు నీడలోకి రండి," అని మాత్రం అంది. అందరినీ బండ వెనక్కి జరిపి, రొట్టెను నిప్పుల బూడిదలో పూడ్చి, హుస్నా చేత ముసుగు కట్టించింది. ఏమైందక్కా అని హుస్నా అడిగితే, ఏం కాలేదంది.

*

మింగిన కేక వృథా అయింది. ఆ సాయంత్రమే అవ్వాద్ షేక్ దగ్గరికి వెళ్ళి తనే కేక పెట్టాడు. మేకలైతే చూడదగ్గవే అన్న మాట వాడి కడుపులో ఇంకా మండుతున్నట్టుంది.

మర్నాడు పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక షేక్ సువేలిం ముంగిట్లో తుమ్మ చెట్టు కింద మగవాళ్ళు కూర్చున్నారు. ఇంత మంది వర్షాల కోసం చేసే ప్రార్థనకు కూడా రారు. ముతైరా ఒక పక్కగా, మేకవెంట్రుకల తెర అంచున కూర్చుంది. తెర వెనుక షేక్ భార్య ఉమ్ గానిం, హుస్నా, ఇంకొందరు ఆడవాళ్ళు. షేక్ తన చేత్తోనే కాఫీ గింజలు వేయించి, రోట్లో పోసి దంచుతున్నాడు. ఆ దంచుడు ఆగకుండా సాగుతున్నంత సేపూ మాట్లాడవచ్చని లెక్క.

షేక్ మనసు ఎటు మొగ్గిందో అందరికీ తెలుసు. ఈ నడకలు ఆయనకి మొదటి నుంచీ ఇష్టం లేదు. కూతురు ఏడ్చి ఏడ్చి ఒప్పించింది. ఇవాళ మాన్పించడానికి ఆయనకు కావలసింది ఒక మాట, ఆ మాట అవ్వాద్ మోసుకొచ్చాడు.

పరువు కొండెక్కి ఊరేగుతోందన్నాడు అవ్వాద్. ముతైరా పరాయి ఆడవాళ్ళ ముందు ముసుగు తీసిందనీ, వాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయనీ, రేపు ఆ మొహం కైరో అంతా తిరుగుతుందనీ, తమ్ముడు ఊళ్ళో లేడు గనక ఇంటి పెద్దగా తను చెప్పక తప్పలేదనీ, చెప్పడానికి తనకెంత సిగ్గుగా ఉందో దేవుడికే తెలుసనీ అన్నాడు. సిగ్గుపడేవాడి గొంతు అంత ఖంగుమని మోగడం ముతైరా ఎన్నడూ వినలేదు.

"నువ్వెక్కడున్నావు?" అన్నాడు షేక్ దంచుతూనే.

"ఎదురు గట్టు మీద మామా."

"అక్కణ్ణుంచి ఊట దగ్గర మనిషెవరో మేకేదో తెలీదు. ముసుగు తీసిందని ఎలా చెప్తావు?"

ఆ ప్రశ్న అవ్వాద్‌ను కాదు, దుర్భిణిని అవమానించినట్టయింది. వాడు మెడలోని దాన్ని రెండు చేతులా ఎత్తి చూపించాడు.

"మామా, ఇది మామూలు సామాను కాదు. దీంట్లో చూస్తే కొండ వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. ముతైరాదే ఎర్ర పటకా. ముసుగు లేదు. పిండి పిసుకుతోంది. వేళ్ళకి పిండి అంటుకోవడం కూడా కనపడింది."

చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకు వంగారు. పరువు పోతోందని వచ్చినవాళ్ళు, పోతున్న పరువును మరికాస్త దగ్గరగా వినాలని జరిగి కూర్చున్నారు. ఒకడు, నిజంగా అంత కనపడిందా, అని కూడా అడిగాడు. అవ్వాద్‌కు అంతమంది అంత శ్రద్ధగా తన మాట వినడం పుట్టాక అదే మొదలు.

"అంతేనా? పక్కన ఎవత్తో కైరో పిల్ల, నీలం కోటుది. దానికి సిగ్గూ లేదు, శరమూ లేదు. జుట్టంతా విరబోసుకుంది, నడుం దాటి ఉంది. మగాడిలా జేబుల్లో చేతులు పెట్టుకుని నడుస్తోంది. ఎడమ చెవి కింద పెసరగింజంత పుట్టుమచ్చ. అది కూడా కనపడింది మామా! నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు. అలాంటివాళ్ళతో తిరిగితే మన ఆడాళ్ళేమవుతారు, మీరే చెప్పండి."

తెర వెనుక పళ్ళెం కింద పడింది. ఎవరూ ఎత్తలేదు.

హుస్నా ముసుగు కట్టే వయసు వచ్చాక అవ్వాద్ ఆమె మొహం చూసి ఎరగడు. ఆ ఊళ్ళో మగవాళ్ళు పరాయింటి ఆడవాళ్ళను గుర్తుపట్టేది నల్ల పైవస్త్రాన్ని బట్టి, నడకను బట్టి, పటకా రంగును బట్టి. అవి మారిస్తే షేక్ కూతురైనా వాళ్ళకు కైరో ఆడదే. కైరో ఆడదాన్ని ఎంతసేపైనా చూడవచ్చు, చూసింది నలుగురిలో చెప్పనూ వచ్చు, దానికి పరువుంటుందని ఎవరనుకున్నారు గనక.

షేక్ చేతిలో రోకలి ఆగిపోయింది.

ఆ పుట్టుమచ్చ ఎవరిదో పైకి అంటే అంతకన్నా పెద్ద అప్రతిష్ఠ లేదు. అనకుండా ఊరుకుంటే తండ్రి కాడు. ముతైరా ఆ మొహం చూస్తూ, జాలిపడదామా అనుకుంది. పడలేకపోయింది. ఆ మచ్చ నిజంగానే ఇంజీదై ఉంటే, ఈ పెద్దమనిషి అంతా విని, కాఫీ పోసి, నడకలు కట్టిపెట్టమని చెప్పి లేచేవాడు.

"ఆ నీలం కోటు పిల్లని ఎంతసేపు చూశావు?" అన్నాడు షేక్. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"వాళ్ళు బండ చాటుకి పోయిందాకా మామా." ఇంకా గర్వంగానే చెప్పాడు.

"గట్టెక్కాక దగ్గావా? కేకేశావా?"

"అంత దూరం నుంచి కేకేస్తే ఎవరికి వినపడుతుంది?"

"చూపు చేరింది కదరా."

అవ్వాద్‌కు అప్పుడు మొదటిసారి ఏదో తేడాగా తోచినట్టుంది. దుర్భిణిని వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. షేక్ ముతైరా వైపు తిరక్కుండానే, నువ్వేమైనా చెప్పాలా అని అడిగాడు.

"చెప్పడానికేముంది షేక్ మామా. మనిషి వస్తే దగ్గుతాడు. ఆ సామాను దగ్గదు. మోసుకొచ్చినవాడైనా దగ్గాలి," అంది ముతైరా.

తీర్పు విని మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళ నీళ్ళ మీదికి చెప్పకుండా చూపు పంపినవాడు చెప్పకుండా నడిచి వచ్చినవాడితో సమానమట. అవ్వాద్ రేపు తెల్లారేసరికి ముతైరా ఇంటి కప్పు మీద, ఆమె పరువుకి మచ్చ లేదనడానికి గుర్తుగా, తన చేత్తో తెల్ల గుడ్డ కట్టాలి. బావి దగ్గరా, ట్రక్కులాగే చోటా నిలబడి, ముతైరా మొహం తెల్లన, తప్పు నాదే అని చెప్పాలి. నడకలు సాగుతాయి. ఇంత చిన్నదానికి ఇంత పెద్ద శిక్షేమిటని వాళ్ళకు అర్థం కాలేదు. అవ్వాద్‌కు అసలే కాలేదు. ఆ పుట్టుమచ్చ ఎవరిదో ఆ రాత్రికి ఇంట్లోవాళ్ళు చెప్పి ఉంటారు. మర్నాడు గుడ్డ కట్టేటప్పుడు వాడు షేక్ ఇంటి వైపు కన్నెత్తి చూడలేదు.

"అదిటు పెట్టు," అన్నాడు షేక్.

అవ్వాద్ తాడు మెడలోంచి తీశాడు. ముతైరా లేచి నిలబడి చెయ్యి చాచింది. షేక్ ఆ చెయ్యి చూడనట్టే దుర్భిణి అందుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇలాంటిది ఎవరి చేతిలోనూ ఉండకూడదు. నా దగ్గరుంటుంది."

చాచిన చెయ్యి ముతైరా కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ముసుగు సరిచేసుకోవడానికే ఎత్తినట్టు, ముసుగు సరిచేసుకుంది.

*

మర్నాడు కైరో వాళ్ళకు అదే ఆఖరి నడక. ఇంటి కప్పు మీద తెల్ల గుడ్డ టపటపలాడుతుంటే దాని కింద నుంచి బయలుదేరారు. గెలిచానని ముతైరాకు ఎక్కడా అనిపించలేదు. మేకలున్న గట్టు వస్తోంది. మళ్ళీ వేలు పెట్టి రాళ్ళు చూపించాలి, మళ్ళీ వీళ్ళు తలలూపాలి.

గట్టు ఎక్కి, ఎండకి వీపు పెట్టి, అందరూ ముసుగులూ తలగుడ్డలూ వదులు చేసుకుని కూర్చున్నారు. ఊరు కింద అగ్గిపెట్టెల్లా కనపడుతోంది. షేక్‌ది ఒక్కటే సిమెంటు మిద్దె. ఆ మిద్దె మీద మెరిసింది. ఆగింది. మళ్ళీ మెరిసి, ఇటు తిరిగి, నిలిచిపోయింది.

హుస్నా కూడా చూసింది. పిల్ల మొహం ఎర్రబడింది.

"అది మా నాన్నక్కా," అంది. "నన్ను కాపు కాస్తున్నాడేమో."

కాపు కాసేవాడు చూపు కూతురి మీదే ఉంచడానికి మధ్యలో ఇంత మందిని దాటాలి. ముతైరా ఈసారి ఎవరినీ బండ చాటుకి జరపలేదు. కేక గొంతు దాకా వచ్చింది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ఇప్పుడు కేకలేస్తూ దిగితే సాక్షి అక్కర్లేదు, నిన్న తీర్పు చెప్పిన నోరే ఇవాళ తలదించుకోవాలి. కానీ ఆ కేక వెయ్యలేదు. లేచి, గట్టు అంచుకు వెళ్ళి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గుక్క తిప్పుకుని, మగవాళ్ళు వెయ్యవలసిన కేక తనే వేసింది.

"యా సాతిర్!"

లోయ దాన్ని అటు గోడకూ ఇటు గోడకూ కొట్టి తిప్పి చెప్పింది. ఇంజీ ఒక్క క్షణం ఆగి, విరగబడి నవ్వింది. కైరోలో గ్యాసు బండ మోసుకొచ్చేవాడు మెట్ల దగ్గర నిలబడి వేసే కేక అది. ఇక్కడ ఆడమనిషి గట్టు మీద నిలబడి షేక్ మిద్దె మీదికి వేస్తోంది. ఇంజీ లేచి తనూ వేసింది. తర్వాత మిగతావాళ్ళు వేశారు. అందరికన్నా చివర, అందరికన్నా గట్టిగా, హుస్నా వేసింది.

మిద్దె మీది మెరుపు కిందికి జారి, ఆరిపోయింది.

ఆ సాయంత్రం, కైరో ట్రక్కు వెళ్ళాక, పొద్దు ఇంకా కొండ మీద ఉండగానే ఉమ్ గానిం వచ్చింది. చేతిలో ఖర్జూరాల బుట్ట. ఖర్జూరాల అడుగున గుడ్డ మూట.

"ఆయనకి దీంట్లో చూస్తే తలనొప్పి వస్తోందటమ్మా. ఊళ్ళో అరుపులు కూడా ఎక్కువయ్యాయట," అంది, మొహంలో ఏ భావమూ లేకుండా.

"కళ్ళకి పడలేదేమోలే అత్తా. అందరి కళ్ళకీ పడదు," అంది ముతైరా.

మూట విప్పింది. ఎడమ అద్దం మీద వెంట్రుకలా సన్నని గీత, అవ్వాద్ ఉమ్ముకీ ఇసుకకీ గుర్తు. అది ఇక పోదు. కంటి రింగు షేక్ ఎటో తిప్పి పెట్టాడు. ముతైరా ముందు ఊదింది. ఊదాక, గుడ్డ శుభ్రమైన మూలతో తుడిచింది. చిన్నప్పుడు తుమ్మముల్లు గుచ్చుకుని ఆమె కుడి కంటి చూపు కాస్త మందం. రింగును ఆ కంటికి తగ్గట్టు మెల్లగా తిప్పుకుంది. రెండు గొట్టాలనూ తన కళ్ళ ఎడానికి దగ్గరికి మడిచింది.

గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎదురింటి గోడకు ఆనుకుని అవ్వాద్ కూర్చున్నాడు, తెల్ల గుడ్డ కనపడకుండా ఉండడానికి మొహం అటు తిప్పుకుని. ముతైరా దుర్భిణి ఎత్తబోయి, ఆగి, గొంతు సవరించుకుని, ఊరంతటికీ వినపడేలా దగ్గింది.

ఉమ్ గానిం ముసుగు అంచు నోట్లో కుక్కుకుంది. అవ్వాద్ లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అప్పుడు ముతైరా దుర్భిణిని కళ్ళకు పెట్టుకుని కొండ మీదికి తిప్పింది. ఎర్ర చార కింద కొండమేకలు, ఆ దగ్గు విన్నట్టే, తలలెత్తి చూస్తున్నాయి. పోతు కొమ్ముల మీద కణుపులు విడివిడిగా కనపడ్డాయి. ముతైరా నోట్లోంచి ఆ చిన్న శబ్దం వచ్చింది. మేకలు తలలు దించి మళ్ళీ మేతలో పడ్డాయి.